గడప దగ్గర గులాబీ నీళ్ళు

"వదిలేశారు!" అని ఆదిత్య పెరటి గుమ్మంలోంచి కేక పెట్టేసరికి భానుశ్రీ చేతులు మోచేతుల దాకా ఆవకాయలో ఉన్నాయి.

ఎవర్ని వదిలేశారో, ఎక్కణ్ణుంచి వదిలేశారో పక్కనే కూర్చుని మామిడిముక్కలు తుడుస్తున్న అత్తగారు నీలవేణికి బోధపడలేదు. భానుశ్రీకి ఆ ఒక్క మాటే చాలింది. బేసిను ముందునుంచి లేచి, కొంగు దోపుకునే తీరిక కూడా లేకుండా పరిగెత్తి, అతని రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. తెల్లచొక్కా మీద రెండు ఎర్రటి అరచేతులు అచ్చుపడ్డాయి.

"నిజంగానా? చూపించండి. నేను ముట్టుకోను, ఫోను మీరే పట్టుకోండి."

అతను పట్టుకున్నాడు. క్వారంటైన్ ఆఫీసు నుంచి వచ్చిన రెండు ముక్కల మెసేజి. సింగపూర్ ల్యాబులో పెంచిన అక్వేరియం మొక్కల పెట్టెను పరీక్ష చేశారు, ఏ తెగులూ లేదు, విడుదల చేశారు. ఆమె అది చదివి, మళ్ళీ చదివి, మూడోసారి పైకి పాటలా చదివింది.

"మొదటి పెట్టెని తగలబెట్టినప్పుడు నేను ఎంత ఏడ్చానో గుర్తుందా?"

"గుర్తులేకేం. నిశ్చితార్థం అయిన మర్నాడే. పెళ్ళి ఇష్టంలేక ఏడుస్తున్నావేమోనని నేను హడలిచచ్చాను."

ఆ మొదటి పెట్టెలో మొక్కలకి ఏ లోపమూ లేదు. పర్మిట్‌లో ఒక మొక్కకి రాసిన శాస్త్రీయ నామం, అక్కడి సర్టిఫికెట్‌లో మరోలా ఉంది. అంతే. మొక్కలున్న ప్లాస్టిక్ కప్పులన్నీ సీలు కూడా విప్పకుండానే కొలిమిలోకి పోయాయి. అప్పటినుంచి 'రూలు' అన్న మాట వింటే భానుశ్రీకి నోట్లో వేపాకు నమిలినట్టుండేది. అయినా కాయితాలన్నీ మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. బోటనీ చదివినదానికి ఆ మాత్రం మొండితనం ఉండాలని ఆమె నమ్మకం.

"పదహారురోజుల పండగ నిన్ననే అయింది. మొక్కలొస్తున్నాయంటేనే ఇలా గంతులేస్తున్నారు, రేపు మనవడు పుడితే ఇంటికి కప్పు మిగలదు కాబోలు" అంది నీలవేణి, తల ఎత్తకుండా. "ఆ చొక్కా విప్పరా. నూనె మరక ఆరితే వదలదు."

"ఉండనీ అమ్మా. దాచుకుంటాను."

"దాచుకో. చీమలు పడతాయి."

సాయంత్రం ఇద్దరూ కొత్తావకాయ జాడీ పట్టుకుని బండి మీద భీమరాజుగారి రొయ్యల చెరువులకి బయల్దేరారు. భీమరాజు నీలవేణికి అన్నగారు. ఆదిత్య తండ్రి పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు. ఏ శుభవార్తయినా ముందు ఆయన చెవిన పడాలి.

కాలవకి నీళ్ళు కట్టేసి నెల కావస్తోంది. అడుగున అక్కడక్కడా మడుగులు మిగిలాయి. పొక్లెయిన్ తీసి గట్టు మీద పోసిన గుర్రపుడెక్క ఎండి గోధుమరంగుకి తిరిగింది. భానుశ్రీ వెనకసీటు మీంచి మెడ చాచి అన్నీ చూస్తోంది. కొంగలు, కరెంటు తీగ మీద ఆరేసిన వల, ఎవరో పసివాడి ఒక్క చెప్పు.

"ఈ డెక్కని కూడా ఒకప్పుడు పువ్వు బాగుందనే తెచ్చారట మన దేశానికి" అంది.

"ఎవరు తెచ్చారో గానీ, మా ఊళ్ళో ఏటా పీకేది మాత్రం మేమే" అన్నాడు ఆదిత్య.

చెరువుల గేటు తీయగానే నేల మీద ఒక వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెం ఉంది. అందులో ముదురు గులాబీరంగు నీళ్ళు. గేటుకి అడ్డంగా పెట్టారు, దాటుకుపోవడానికి వీల్లేకుండా.

"ఆగండాగండి!" అంటూ భీమరాజు చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర్నుంచి లుంగీ పైకి మడుచుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, మాటా భారీయే. "చెప్పులు అవతల. కాళ్ళు పళ్ళెంలో. తర్వాతే కబుర్లు."

"మావయ్యగారండీ, నా పారాణి!" భానుశ్రీ చీర కుచ్చిళ్ళు ఎత్తి పాదాలు చూపించింది. నిన్ననే ముత్తయిదువలు తీర్చిన ఎర్రటి అంచు.

"పారాణి మళ్ళీ పెట్టుకోవచ్చమ్మడూ. వైట్‌స్పాట్ తెగులు వచ్చి చెరువు పోతే మళ్ళీ తెచ్చుకోలేం. ఏ చెరువు గట్టు మీది మట్టి ఎవరి కాలికి అంటుకుని ఉందో ఎవరికి తెలుసు? దేవుడే దిగొచ్చినా సరే, ఈ పర్మాంగనేట్ నీళ్ళలో కాలు పెట్టే లోపలికి రావాలి."

ఆమె నవ్వుతూ పళ్ళెంలో నిలబడింది. చల్లగా ఉన్నాయి నీళ్ళు. ఎర్రటి పారాణి చుట్టూ గులాబీరంగు చేరడం ఆమెకి ఎంత నచ్చిందంటే, బయటికి రమ్మని ఆదిత్య చెయ్యి పట్టుకు లాగాల్సి వచ్చింది.

శుభవార్త విని భీమరాజు మురిసిపోయాడు. ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని, "మా చెల్లెలి చెయ్యే" అన్నాడు. కలిపింది భానుశ్రీ అని ఆదిత్య చెప్పబోతే ఆమె మోచేత్తో పొడిచింది.

"మీ మొక్కల షెడ్డు ప్రారంభానికి నా దగ్గరో కానుక ఉందిలే" అన్నాడు భీమరాజు. "పోయిన నెల ఫీడ్ కంపెనీవాళ్ళు థాయ్‌లాండ్ తీసుకెళ్ళారు కదా, అక్కణ్ణుంచి తెచ్చాను. ఇప్పుడు అడక్కండి, చెప్పను."

*

పెట్టె రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి కారు వెనకసీట్లో, భానుశ్రీ ఒళ్ళో వచ్చింది. పక్కన పెట్టమన్నా వినలేదు.

పెరట్లోని పాత మోటారు షెడ్డే నర్సరీ. గోడలకి సున్నం వేసి, గాజు తొట్లు వరసగా పేర్చి, పైన తెల్లటి ట్యూబులైట్లు బిగించారు. తొట్లలో బోరునీళ్ళు పోసి వారంనుంచి తేరనిచ్చారు. భానుశ్రీ బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, మొదటి కప్పు మూత తీసింది. లోపల తెల్లటి జెల్లీ, అందులో పాతుకున్న గోరంత పచ్చటి గుబురు.

"కొబ్బరి జున్నులా ఉంది" అన్నాడు ఆదిత్య.

"తినకండి."

జెల్లీని నీళ్ళ కింద వేళ్ళతో మెల్లగా కరిగించాలి. మొక్క వేళ్ళు తెగకూడదు, జెల్లీ మిగలకూడదు. మిగిలితే కుళ్ళుతుంది. ఆమె ముక్కు చివర చెమట చుక్క పట్టినా తుడుచుకోకుండా, పట్టకారుతో గుబురుని నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కొక్కదాన్నీ స్పాంజి ముక్కలో దూర్చి చిల్లుల కుండీలో పెట్టింది. ఆదిత్య ఆ కుండీని తొట్లోకి దించాడు. నీళ్ళలోకి వెళ్ళగానే ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి.

ఇద్దరూ గాజుకి ముక్కులు ఆనించి కూర్చున్నారు.

"ఇంత శుభ్రమైన పిల్లలు లోకంలో ఇంకెక్కడా ఉండరండీ" అంది. "పురుగు లేదు, నాచు లేదు, నత్త గుడ్డు లేదు. వీళ్ళకి నేను తప్ప ఇంకే రోగమూ తెలీదు."

నీలవేణి గుమ్మం అవతలే నిలబడి చూసింది. ఆవిడ పుట్టింట్లోగానీ, అత్తింట్లోగానీ ఆడవాళ్ళు గట్టుమీదికి వెళ్ళడం, పనిలో దిగడం లేదు. అన్నగారి చెరువుల గురించి ముప్ఫై ఏళ్ళుగా వినడమే తప్ప ఒక్కసారీ చూళ్ళేదు. "నేను లోపలికి రావచ్చా?" అని ఆవిడ తన ఇంటి షెడ్డు ముందు అడగడం భానుశ్రీకి విచిత్రంగా తోచింది.

"అదేంటి అత్తయ్యగారూ, రండి! ఆగండి, ఆగండి. కాళ్ళు."

గడప దగ్గర అప్పటికే ఒక పళ్ళెం ఉంది. నిన్న భీమరాజుగారి గేటు దగ్గర చూసినలాంటిదే. దాని చుట్టూ భానుశ్రీ చిన్న ముగ్గు కూడా వేసింది. నీలవేణి చీర కాస్త ఎత్తి, పిల్లలా ఒక్కో అడుగూ వేసి, గులాబీ నీళ్ళలోంచి లోపలికొచ్చింది.

*

ప్రారంభం రోజున నీలవేణి పీతల ఇగురు వండింది. అన్నగారికి ప్రాణం అది. కొబ్బరికాయ ఆయనే కొట్టాలని ఉదయంనుంచీ ఎదురుచూస్తున్నారు.

భీమరాజు కారు దిగాడు. వెనకనే డ్రైవరు గణేష్‌బాబు రెండు చేతులా ఒక నీలం టబ్బు మోసుకొచ్చాడు. నడకతో పాటే టబ్బులో నీళ్ళు తొణుకుతున్నాయి.

"మావయ్యగారండీ, కాళ్ళు" అంది భానుశ్రీ.

ఆయన పళ్ళేన్ని చూసి, ముగ్గుని చూసి, వీధి దద్దరిల్లేలా నవ్వాడు. "ఓరి నీ! నా మంత్రం నాకేనా!" ఆ నవ్వుతోనే చెప్పులు విప్పి, పాదాలు ముంచి లోపలికొచ్చాడు. "గణేష్‌బాబూ, నువ్వూ ముంచి రా. టబ్బు జాగ్రత్త."

టబ్బు బల్లమీదికి వచ్చింది. అందులో సగం మునిగిన ఒక మెలికల దుంగ, గుప్పెడు గులకరాళ్ళు, పసరు పట్టిన పాత ఫిల్టరు. పైన తేలుతూ మెత్తటి మఖమల్ లాంటి ఆకుల మొక్కలు, కింద జుట్టులా వేలాడే వేళ్ళు.

"మేం దిగిన హోటల్ లాబీలో ఉండేది ఇది" అన్నాడు భీమరాజు. "మారుస్తున్నాం అన్నారు. నాకిచ్చెయ్యమన్నాను. అమ్మడి కోసమని మూడు విమానాలెక్కించి తెచ్చాను."

"చాలా బావుందండి" అంది భానుశ్రీ. నిజంగానే బావుంది. వేలితో ముట్టుకోబోయి ఆగింది. "పర్మిట్ ఎలా ఇచ్చారండీ దీనికి?"

"పర్మిటా? తడి తువ్వాల్లో చుట్టి, సూట్‌కేసులో చొక్కాల మధ్యన పెట్టాను. ఒక్కడు అడిగితే ఒట్టు."

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. అన్ని కాయితాలూ ఉన్న పెట్టె బూడిదయింది. ఏ కాయితమూ లేని సూట్‌కేసు చక్రాల మీద దొర్లుకుంటూ ఇంటికొచ్చింది.

"చూశావా మరి" అన్నాడాయన, ఆమె మొహం చూసి. "రూల్సన్నీ మీలాంటి అమాయకులకేనమ్మడూ. సరే, కానియ్యండి. కొత్త నీళ్ళు ఊరికే బతకవు. పాలకి తోడుండాలి, చెరువుకి తోడుండాలి, తొట్టికీ తోడుండాలి. పాత నీళ్ళు ఓ మగ్గు నా చేత్తో పోస్తాను, నీ మొక్కలెలా పుంజుకుంటాయో చూద్దువుగాని."

మగ్గు టబ్బులో ముంచి ఎత్తాడు. అప్పుడు కనిపించాయి ఆమెకి, నీళ్ళపైకి పొడుచుకొచ్చిన దుంగ కొమ్మకి అడుగున, గుత్తిగా అంటుకున్న గులాబీ పూసలు.

మగ్గు తొట్టి మీదికి వచ్చేలోపు భానుశ్రీ రెండు అరచేతులూ చాచి తొట్టి మీద అడ్డం పెట్టేసింది.

"వద్దండి."

"ఏంటీ?"

"పొయ్యొద్దండి మావయ్యగారూ. అవి గుడ్లండి. నత్తవి. ఏ నత్తో నాకు తెలీదు. అటువైపు వరి మొలకలు కొరికేసే నత్తలున్నాయని చదివాను. ఇవి అవి కాకపోవచ్చు. కానీ చూడకుండా లోపలికి రానివ్వకూడదు."

"ముత్యాల్లా ఉన్న వాటికి వరి తినేంత నోరెక్కడిది?"

"పుట్టాక వస్తుందండి నోరు."

గణేష్‌బాబు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. భీమరాజు మగ్గు అలాగే పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు అంచునుంచి ఒక్కో బొట్టే భానుశ్రీ చేతుల మీద పడుతున్నాయి. ఆమె చేతులు తియ్యలేదు.

ఆదిత్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఇప్పటికి తీసుకుందాం భానూ. ఆయన వెళ్ళాక పారేద్దాం."

"ఎక్కడ పారేస్తారండీ?" అంది ఆమె పైకే. "పెరట్లోనా? కాలవలోనా? ఎక్కడ పారేసినా ఆ నీళ్ళు మళ్ళీ మన చేలల్లోకీ చెరువుల్లోకీ రావా?"

భీమరాజు మగ్గుని తొట్టి మీంచి వెనక్కి తీసుకున్నాడు.

"మీ నాన్న పోయిన్నాడు ఈ గుమ్మంలో నిలబడ్డది నేనురా ఆదీ" అన్నాడు భీమరాజు. గొంతులో భారం తగ్గి, పలచనైపోయింది. "ఇవాళ నా చేతి మగ్గెడు నీళ్ళు పనికిరాలేదు. ఇంత చదువుకున్న పిల్ల ఇంటికొస్తే వెలుగనుకున్నాను."

"మీరు ఎప్పుడైనా రండి మావయ్యగారండీ, అర్ధరాత్రి రండి. మీకోసం తలుపు తీసే ఉంటుంది. అది మాత్రం రాకూడదు. మీ గేటు దగ్గర నా పారాణి కాళ్ళని ఆపినప్పుడు నేను చిన్నబుచ్చుకోలేదే."

ఆయన మగ్గుని టబ్బులో వదిలేసి, గడప దాటి వెళ్ళిపోయాడు. భోజనానికి లేవమని అనడానికి నీలవేణి వంటింట్లోంచి వచ్చేసరికి కారు సందు మలుపు తిరిగిపోయింది. కొబ్బరికాయ కొట్టకుండానే పళ్ళెంలో ఉండిపోయింది.

"ముందు నాతో ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు ఆదిత్య.

"మావయ్యగారి సూట్‌కేసులో అడవి ఉందని నాకు ముందే ఎలా తెలుస్తుందండీ?" అనేసరికి ఆమె గొంతు వణికింది. ఏడుపు కాదది, కోపం. ఇన్నాళ్ళూ తాను తిట్టుకున్న రూలు పక్కనే నిలబడాల్సి వచ్చినందుకు కోపం. "అందరూ తప్పించుకుంటున్నారని రూలు అబద్ధమైపోదు కదా. తప్పించుకున్నవాళ్ళ డెక్కనే కదా మీరు ఏటా పీకేది?"

ఆదిత్య ఆమె చేతులు పట్టుకుని, కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు రాసి, మోచేతుల దాకా తనే కడిగాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మండుతోంది. దాని మీద పెళ్ళికి సారెలో వచ్చిన పెద్ద గుండిగ. ఇంకా దాని అంచుకి పసుపు బొట్లున్నాయి. నీలవేణి విసనకర్రతో మంట ఎగదోస్తోంది.

"నీళ్ళు మరుగుతున్నాయి" అంది ఆవిడ. "పారెయ్యడానికి చోటు లేదన్నావుగా, వంటింట్లోకి వినబడింది. ఉడకబెట్టేస్తే?"

భానుశ్రీ టబ్బు కోసం షెడ్డు వైపు పరిగెత్తింది. తర్వాత ముగ్గురూ టబ్బు పట్టుకుని మొక్కలూ, దుంగా, రాళ్ళూ గుండిగలోకి దింపారు. టబ్బు నీళ్ళూ పోశారు. ఫిల్టరుని బ్లీచింగ్ నీళ్ళలో పడేశారు. నాచు కంపు ఎగిసింది. పీతల ఇగురు వాసన, అదీ కలిసి వీధి కుక్కని గేటు దాకా రప్పించాయి.

"మా అన్నయ్యకి కోపం వస్తే మూడు పూటలు" అంది నీలవేణి, కర్రతో కలుపుతూ. "నాలుగో పూటకి ఆకలేస్తుంది."

*

నాలుగో పూట దాకా ఆగలేదు. పొద్దు వాలుతుండగా భీమరాజు వచ్చాడు. కారులో కాదు, పాత స్కూటరు మీద, ఒక్కడే. మొహం కడుక్కున్నట్టు కూడా లేదు. లుంగీ అంచు మోకాళ్ళ దాకా తడిసి బురద కొట్టుకుంది.

పెరట్లోకి వచ్చి షెడ్డు గడప ముందు ఆగాడు. చెప్పులు విప్పి, ఒక పాదం పళ్ళెంలో పెట్టాడు. రెండోదీ పెట్టాడు. లోపలికి మాత్రం రాలేదు. నీళ్ళలోనే నిలబడిపోయాడు.

"ఎక్కడ పారేస్తారని అడిగావు కదమ్మడూ" అన్నాడు.

భానుశ్రీ చేతిలోని పట్టకారు బల్లమీద పెట్టి దగ్గరికొచ్చింది.

"నీకు తెచ్చింది సగమే. మిగతాది మా ఇంటి ముందు పంటబోదెలో వేశాను. నీళ్ళ మీద పచ్చగా బావుంటుందని. ఇందాక ఇక్కణ్ణుంచి వెళ్ళి, కోపం మీద, అదెక్కడికి పోతుందని చూద్దామని దిగాను." ఆయన చెయ్యి జేబులోకి పోయి వట్టిగానే బయటికొచ్చింది. "గుప్పెడు వేశాను. మడుగంతా పరుచుకుంది. తూము గోడకి గులాబీ పూసలు. ఒక చోట కాదు."

"ఆ బోదెలోంచేగా మీ చెరువులకీ నీళ్ళొచ్చేది?" అన్నాడు ఆదిత్య.

"నా చెరువులకే కాదు. కిందనున్న చేలన్నిటికీ. కాలవకి నీళ్ళు వదిలేది రేపు సాయంత్రం. మడుగుల్లో ఉండగానే తియ్యాలి." ఆయన తల వంచి, గులాబీ నీళ్ళలో తన పాదాలని చూసుకున్నాడు. "దేవుడొచ్చినా ముంచి రావాలన్నాను. నా సూట్‌కేసుని ముంచలేదు."

భానుశ్రీకి ఆయన్ని గెలిచినట్టు అనిపించలేదు. ఆ భారీ మనిషి చిన్న పళ్ళెంలో ఇరుకుగా నిలబడి ఉండటం చూస్తే, చెయ్యి పట్టుకుని బయటికి లాగాలనిపించింది. లాగింది కూడా.

"ఇంకా ఒకటుందండి" అంది, చెయ్యి వదలకుండానే. "మనం తీసిందే చాలదు. గుడ్లు ఏవో తేల్చాలి, కింద బోదెలన్నీ వెతకాలి. పొద్దున్నే క్వారంటైన్ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎలా వచ్చిందో అంతా చెబుతాను."

"నా పేరు చెప్పు. ఫర్వాలేదు. కానీ నీ పర్మిట్ అమ్మడూ! ఆ టబ్బు నీ షెడ్డులోకి వచ్చిందని తెలిస్తే నీ మొక్కల్నీ తీసుకుపోతారేమో."

ఆమె వెనక్కి తిరిగి తొట్ల వైపు చూసింది. ట్యూబులైట్ల కింద చిన్న చిన్న గుబుర్లు, విచ్చుకున్న ఆకులు. ఒకదాని చివర కొత్తగా లేత మొలక. పొద్దున్న లేదది. ఆదిత్యకి చూపించాలని దాచుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది.

"తీసుకుపోతే మూడోసారి తెప్పిస్తానండి. వాళ్ళు విసుగెత్తి ఇచ్చేదాకా కాయితాలు పెడుతూనే ఉంటాను. పర్మిట్ మళ్ళీ తెచ్చుకోవచ్చు మావయ్యగారూ. బోదె పోతే మళ్ళీ తెచ్చుకోలేం."

తన మాటే తనకి తిరిగొచ్చిందని ఆయనకి తెలిసింది. మీసం కింద చిన్నగా నవ్వు కదిలింది. "పొద్దున్నే మనుషుల్ని పిలిపిస్తాను" అన్నాడు.

"మనుషులు ఎందుకండీ, మనం మనుషులం కామా? నేనూ దిగుతాను" అంది భానుశ్రీ.

"నేనూ" అన్నాడు ఆదిత్య.

"నేనూ" అంది నీలవేణి.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కంచంలో అన్నం, పీతల ఇగురు పెట్టుకొచ్చి, అన్నగారి చేతికిచ్చింది.

"నువ్వు బోదెలో దిగడమేంటే? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గట్టు ఎక్కిందెప్పుడు? ఊరంతా వచ్చి నిలబడి చూస్తారు."

"చూడనీ అన్నయ్యా. చూడ్డానికి వచ్చినవాళ్ళనీ దిగమందాం, పని త్వరగా అవుతుంది. ముందు తిను." నీలవేణి కొంగు నడుముకి చుట్టి బిగించింది, అప్పుడే దిగబోతున్నట్టు. "ఎండెక్కకముందే మొదలుపెట్టాలి. ఆదీ, గుండిగా కట్టెలూ కారులో వేసుకునిరా, గట్టుమీదే ఉడకబెట్టేద్దాం. అమ్మాయ్, నువ్వు ఫోనులో మాట్లాడేవి మాట్లాడు. ఈ పళ్ళెం మాత్రం మర్చిపోకు, గట్టు మీద పెట్టాలి. రేపు బోదెలోంచి పైకొచ్చిన ప్రతి ఒక్కళ్ళూ కాళ్ళు ముంచాకే ఇంటికి."